ముందు రక్తపరీక్ష, తర్వాతే మాటలు: తిరుపతిలో ఒక పిల్లల కౌన్సెలింగ్ సెంటర్ ఎలా ఉందంటే

తిరుపతిలో పిల్లల కౌన్సెలింగ్ బోర్డులు ఈమధ్య బాగా పెరిగాయి. ‘హోలిస్టిక్’ (ఒంటినీ మనసునూ ఇంటినీ కలిపి చూసేది) అని రాసిన ప్రతిచోటా ఒకే సరుకు దొరకదు. కొన్నిచోట్ల గోడ మీద చక్రాల బొమ్మ, గదినిండా అగరొత్తుల వాసన, ముందే డబ్బు కట్టించుకునే పది సిట్టింగుల ప్యాకేజీ, అంతే. ఇక్కడ మాట్లాడుకుంటున్న సెంటర్ ఆ బాపతు కాదు. ఒక మేడ మీద రెండు గదులు, ఒక సైకాలజిస్టు, వారానికి రెండు రోజులు వచ్చే స్పెషల్ ఎడ్యుకేటర్, ఫోన్ ఎత్తడానికి ఒక అమ్మాయి. మెట్లెక్కుతుంటే ‘ఎవరి పిల్లోడబ్బా’ అని ఎదురింటివాళ్లు తొంగిచూసే ఊరు కాబట్టి పేరూ వీధీ రాయడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. అయిదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల్లో భయాలు, బడికి పోనని మొండికేయడం, కోపం, పరీక్షల ఒత్తిడి, ఇంట్లో గొడవల వల్ల వచ్చిన దిగులు, వీటికి ఇది మంచి చోటు. మాటలు రాని మూడేళ్ల బిడ్డకు, మూర్ఛ అనుమానం ఉన్నవాళ్లకు, ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తున్నాయనే పిల్లలకు ఇది సరిపోదు. ఆ సంగతి మొదటి ఫోన్లోనే చెప్పి, ఎటు పోవాలో కూడా వాళ్లే చెబుతారు. ఈ ఒక్క గుణానికే సగం మార్కులు వేయొచ్చు. వచ్చినవాళ్లను వదులుకోవడం ఈ వ్యాపారంలో అంత తేలిక కాదు.

అర్హతల విషయంలో జనానికి చాలా గందరగోళం ఉంది. ‘కౌన్సెలర్’ అని ఎవరైనా బోర్డు పెట్టేసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, దగ్గర పేరు నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం అది. ఆ నంబరును ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇక్కడి సైకాలజిస్టు మేడమ్ నంబరు గోడ మీద ఫ్రేములో ఉంది, రిపోర్టులో సంతకం కిందా ఉంటుంది. ఎమ్మెస్సీ సైకాలజీ చేసినవాళ్లలో చక్కగా కౌన్సెలింగ్ చేసేవాళ్లు లేకపోలేదు, కాకపోతే వైకల్యం సర్టిఫికెట్ల దగ్గర వాళ్ల సంతకం నిలబడదు. మందులు రాసేది సైకియాట్రిస్టు లాంటి డాక్టర్లే. సైకాలజిస్టు మాత్రల పేర్లు రాసిస్తే ఆ చీటీ పక్కన పడేయండి. వేలిముద్రలు తీసుకుని పిల్లాడు ఇంజినీరా డాక్టరా చెబుతామనేవాళ్లు, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే ‘మిడ్‌బ్రెయిన్’ వాళ్లు కూడా ఈ బోర్డుల మధ్యే ఉంటారు. వాటికి శాస్త్రం ఆధారమేమీ లేదు, ఫీజు మాత్రం గట్టిగా ఉంటుంది.

మొదటి సిట్టింగ్ గంటన్నర. దానికి పిల్లాడిని తీసుకురావద్దంటారు. ‘వాడి కోసం కదా వచ్చింది’ అని చాలామంది రిసెప్షన్లోనే ముఖం మాడ్చుకుంటారు. కానీ పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ‘వీడు అబద్ధాలాడతాడు మేడమ్, మొన్న వాళ్ల నాయన జేబులో డబ్బులు తీసినాడు’ అని గంటసేపు ఏకరువు పెడితే, వచ్చేవారం ఆ పిల్లాడు నోరు విప్పడు. అతని లెక్కలో మేడమ్ అప్పటికే ఇంట్లోవాళ్ల పక్షం.

ఆ గంటన్నరలో అడిగేవి: కాన్పు ఎట్లా అయింది, పుట్టగానే ఏడ్చాడా, ఎన్నో నెలలో నడిచాడు, రెండు మాటలు కలిపి ఎప్పుడన్నాడు, తలకు దెబ్బలేమైనా తగిలాయా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు, ఫోన్ ఏ గదిలో ఛార్జింగ్‌కు పెడతారు, విరేచనం రోజూ అవుతుందా, ఇంట్లో తాగుడుందా, అప్పులున్నాయా. తర్వాత తెల్లకాగితం మీద మూడు తరాల కుటుంబ పటం గీస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పోయినవాళ్ల గుర్తు మీద ఇంటూ, పడనివాళ్ల మధ్య వంకర గీత, మాటలే లేనివాళ్ల మధ్య తెగిన గీత. ఈ కాగితం చిన్నదే కానీ దీనితో తేలే సంగతులు పెద్దవి. ఇంటర్ చదువుతున్నప్పుడు చేజేతులా ప్రాణం తీసుకున్న మేనమామ సంగతి అవ్వ గొంతు తగ్గించి చెప్పిందనుకోండి. పిల్లాడికి మ్యాథ్స్‌లో అయిదు మార్కులు తగ్గితే ఆ తల్లి రాత్రంతా ఎందుకు కూర్చుంటుందో వేరే అడగక్కర్లేదు.

ఆ తర్వాత చేసే పనే ఈ సెంటర్ అసలు బలం. రెండో సిట్టింగ్‌కు ముందు పిల్లల డాక్టరు దగ్గరికి ఒక చీటీ రాసి పంపుతారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, కంటిచూపు, వినికిడి, ఇవి చూడమని అడుగుతారు. అవసరాన్ని బట్టి డాక్టరు ఇంకేమైనా కలుపుతారు. ‘మనసు బాగాలేదని వస్తే రక్తం అడుగుతారేంది’ అని గొణిగేవాళ్లు ఉంటారు. రక్తం తక్కువున్న ఎనిమిదో తరగతి పాప మధ్యాహ్నం క్లాసులో తల వాల్చేస్తుంది, చీటికీమాటికీ చిరాకు పడుతుంది, చదివింది నిలవదు. ఇంట్లో దానికి బద్ధకమని పేరు పెడతారు, ఇంటర్నెట్ చూసిన పిన్ని డిప్రెషన్ అంటుంది. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపుంటే రక్తహీనతే. అయిదు నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఆ గీత 11.5. సర్కారు బళ్లలో పెద్దపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పుతుందని పిల్లలు దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. దానిమీద వెంటనే కాఫీ, టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇంత వివరంగా చీటీ వెనక రాసిస్తారు.

‘క్లాసులో ఎక్కడో చూస్తుంటాడు, పిలిస్తే పలకడు’ అన్న ఫిర్యాదు మీద కూడా ఇదే జాగ్రత్త. పగటికలలు కంటున్న పిల్లాడు భుజం తడితే ఉలిక్కిపడి తేరుకుంటాడు. భుజం తట్టినా అయిదు పది సెకన్లు శిలలా ఉండి, తర్వాత ఏమీ జరగనట్టు రాత కొనసాగిస్తే, అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. టీచరు ఫోన్లో తీసిన వీడియో ఉంటే అడుగుతారు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కోసం న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతారు. అలాంటి పిల్లాడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) ముద్ర వేసి ఆరునెలలు ఏకాగ్రత అభ్యాసాలు చేయిస్తే కాలం పోతుంది, జబ్బు ఉంటుంది. ఏడీహెచ్‌డీ అనాలన్నా లెక్కలున్నాయి: లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, ఆరునెలలకు పైగా సాగాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనబడాలి. అందుకే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి ఒకటి తల్లిదండ్రులకు, మరొకటి క్లాస్ టీచరుకు ఇస్తారు. టీచరు కాగితం రాకుండా ముద్ర వేయరు. ఇంట్లో మాత్రమే అల్లరి చేసి బడిలో బుద్ధిమంతుడిగా ఉండే పిల్లాడి విషయంలో చూడాల్సింది ఇంటిని.

పక్కతడిపే అలవాటుకూ ముందు ఒంటి లెక్కే. అయిదేళ్లలోపు దాన్ని జబ్బుగా చూడరు. ఆపైన మొదటి అనుమానం మలబద్ధకం మీద. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, చాలా ఇళ్లలో ఇది ఎవరికీ తట్టదు. ఆరునెలలు పొడిగా పడుకున్న పిల్ల మళ్లీ తడపడం మొదలుపెడితే సంగతి వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్ పరీక్ష చేయించాలి. దాహం పెరిగి, బరువు తగ్గుతుంటే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. అవి లేవని తేలాక కొత్త తమ్ముడు పుట్టాడా, ఇల్లు మారారా, ఎవరైనా పాపను ఇబ్బంది పెడుతున్నారా అన్న ప్రశ్నలు. తెల్లారి దుప్పటి ఆరేస్తూ నలుగురిలో వెక్కిరించడం ఆపించడమే మొదటి మందు.

నిద్ర గురించి రెండు వారాల డైరీ రాయిస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి తెల్లారి నాలుగున్నరకు గంట కొట్టే హాస్టల్లో పిల్లాడికి దక్కేది అయిదున్నర గంటలు. మేడమ్ ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తారు. అలాంటి టైంటేబుల్ మారకుండా ‘వాడి మైండ్‌ను సెట్ చేయండి’ అంటే కుదరదని సూటిగా చెబుతారు. కొందరు నాయనలు ఆ మాటతోనే రావడం మానేస్తారు.

చదువు రాని పిల్లల పరీక్ష స్పెషల్ ఎడ్యుకేటర్ చేస్తుంది. తెలివితేటలకు బినే కామత్ పరీక్ష గానీ మాలిన్ పరీక్ష గానీ, చదవడం రాయడం లెక్కలకు నిమ్హాన్స్ (బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్ల పరీక్షల సెట్టు. ఇక్కడ మెచ్చుకోవాల్సింది, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ చదివించి చూడటం. ఇంగ్లిష్ మీడియం పిల్లాడికి ఇంగ్లిష్ చదవడం రాకపోతే బడిలో సరిగా నేర్పకపోయి ఉండొచ్చు. తెలుగులోనూ గుణింతాలు తారుమారు చేస్తూ, ఒత్తులు వదిలేస్తూ, ఒక లైన్లో చదివిన మాట దగ్గరే వెంటనే కింది లైన్లో ఆగిపోతుంటే అప్పుడు డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే వైకల్యం, గురించి ఆలోచించాలి. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంటి భాష తమిళం, బడి భాష వేరు. మేడమ్‌కు తమిళం రావడం అక్కడ కలిసొస్తుంది. చదువులో వైకల్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఈ సెంటర్ రిపోర్టు దానంతటదే సర్టిఫికెట్ కాదు, సర్కారీ మెడికల్ బోర్డు దగ్గరికి పోవాల్సిందే. సర్టిఫికెట్ వస్తే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం దొరుకుతుంది. పదో తరగతి జనవరిలో పరుగెత్తుకొస్తే ఏ బోర్డూ ఆ ఏడాదికి అందించలేదు. ఏడో ఎనిమిదో తరగతిలోనే కదలాలి.

ఆటగది ఇరుకే. ఒక మూల చెక్క తొట్టి: ముప్పై అంగుళాల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతు, అడుగున నీలం రంగు. ఇసుకను పక్కకు నెడితే నీళ్లు కనబడాలని ఆ నీలం. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరమ్మ 1920ల చివర లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అరల్లో మాత్రం మన సరుకు ఉంది: తిరుపతి ఎర్రచందనం జంటబొమ్మలు, మాధవమాల చెక్క ఏనుగు, ఏటికొప్పాక లక్క వంటసామాను, ప్లాస్టిక్ పులి, పోలీసు, ఆర్టీసీ బస్సు, చక్రం ఊడిన కారు, చెయ్యి విరిగిన బొమ్మ. విరిగినవి పారేయరు, కొందరు పిల్లలు వెతికి మరీ అవే తీస్తారు.

‘నీకిష్టమైనట్టు ఒక ఊరు కట్టు’ అని వదిలేస్తారు. ఇరవై నిమిషాలు మేడమ్ పక్కన కింద కూర్చుంటారు. ‘పులిని గోడ వెనక పెట్టావు’ అని చూసింది చెబుతారే తప్ప ‘ఎందుకు పెట్టావు’ అనరు. ఎందుకు అనగానే పిల్లలకు బడి గుర్తొస్తుంది, సరైన జవాబు వెతకడం మొదలుపెడతారు. అయిదు నిమిషాల ముందే ‘ఇంక కొంచెం సేపే’ అని హెచ్చరిస్తారు, అయ్యాక పైనుంచి ఫోటో తీస్తారు. ఒక బొమ్మను పాతిపెట్టడం, తీయడం, మళ్లీ పాతిపెట్టడం రెండు మూడు వారాలు సాగొచ్చు. అది చూసి ఇంట్లో ఘోరం జరిగిపోయిందని తేల్చేయడం కొత్త కౌన్సెలర్లు చేసే తప్పు. ఇక్కడ నాలుగైదు ఫోటోలు పక్కపక్కన పెట్టి మార్పు చూస్తారు, ఒక్క రోజు ఆటతో ఏమీ తేల్చరు. ఇసుక జల్లించినది, పొడిది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇసుక బదులు రాగులు పోస్తారు, మంచి ఆలోచన.

చేతికి తొడుక్కునే బొమ్మల సంగతి తిరుపతి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గంగజాతరలో వేషం కట్టినవాడు ఎవరిని ఎన్ని మాటలన్నా ఎవరూ తప్పు పట్టరు కదా. పులి తొడుగు వేసుకున్న ఆరేళ్ల పాప కూడా ఆ వెసులుబాటుతోనే చిన్నాయనను చెడామడా తిడుతుంది.

బయట కూర్చున్న అమ్మకు ఇదంతా ‘గంటసేపు ఆడుకుని వచ్చినాడు, దీనికి తొమ్మిదివందలా’ అనిపిస్తుంది. ‘ఏం చెప్పినాడు మేడమ్?’ అని తలుపు దగ్గరే నిలదీస్తుంది. ఆడిన ఆట చెప్పరు, ఇంట్లో ఈ వారం చేయాల్సిన పని ఒకటి చెబుతారు. ఆటో ఎక్కాక పిల్లాడిని గుచ్చిగుచ్చి అడగొద్దని కూడా చెబుతారు. అడిగితే, వచ్చేవారం ఆ తొట్టిలో వాడు కట్టేది అమ్మకు నచ్చే ఊరే.

టీనేజర్లకు ఇసుక లేదు, మొదట ఒప్పందం. తల్లిదండ్రుల ఎదుటే చెబుతారు: నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, మూడు సందర్భాల్లో తప్ప. నీ ప్రాణానికి ముప్పు ఉన్నా, నీవల్ల ఇంకొకరికి హాని ఉన్నా, నీమీద లైంగిక వేధింపు జరిగినా దాచను. మూడోది ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ‘పరువు పోతుంది, మాలో మేం చూసుకుంటాం’ అన్న కుటుంబంతో సర్దుకుపోయే కౌన్సెలర్ చట్టాన్నీ తప్పుతున్నట్టే, పిల్లనూ వదిలేస్తున్నట్టే. ఈ మూడు మాటలు మొదటిరోజే చెప్పని సెంటర్లు తర్వాత ఇరుక్కుంటాయి: రహస్యమని మాటిచ్చి, పదిరోజులకు ఫోన్ చేసి అమ్మకు చెబితే ఆ పిల్ల మళ్లీ ఏ కౌన్సెలర్‌నూ నమ్మదు.

చచ్చిపోవాలనుందా అని పిల్లలను నేరుగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది తప్పు, అడిగినందువల్ల పుట్టదు. ఉందంటే ఆ రోజే తల్లిదండ్రులను లోపలికి పిలిచి, ఇంట్లో మాత్రలు, పురుగుమందు డబ్బాలు తాళంలో పెట్టించడం, రాత్రి పక్కన ఎవరు పడుకోవాలో, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించడం, సైకియాట్రిస్టుకు చూపించడం. మామిడి, టమాటా రైతుల ఇళ్లలో పురుగుమందు మంచం కిందే ఉంటుంది కాబట్టి ఆ డబ్బా ఎక్కడుందో గది పేరుతో సహా అడగడం మాకు నచ్చింది. పగలూరాత్రీ పలికే సర్కారీ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆ కాగితం అడుగున ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బడి మానేసిన పిల్లల విషయంలో వీళ్ల పని నిజంగా చూడదగ్గది. పొద్దున్నే కడుపునొప్పి, బస్సు వెళ్లిపోగానే నొప్పి మాయం, ఆదివారం అసలే రాదు, ఇది అందరికీ తెలిసిన కథే. ముందు ఒక నియమం పెడతారు: జ్వరం 100.4 డిగ్రీలు లేకపోతే, వాంతులు విరేచనాలు లేకపోతే, బడికి పోవాల్సిందే. తర్వాత పిల్లాడితోనే భయాల నిచ్చెన రాయిస్తారు. ఒక్కో మెట్టుకు సున్నా నుంచి పది దాకా మార్కు. యూనిఫాం వేసుకుని టిఫిన్ తినడం 2, బడి గేటు దాకా పోయి రావడం 4, లైబ్రరీలో ఒక గంట కూర్చోవడం 5, నచ్చిన టీచరు పీరియడ్ 6, ప్రేయర్ లైన్లో నిలబడటం 9. మూడు నాలుగు మార్కుల మెట్టు నుంచి మొదలుపెట్టి, భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండి, అప్పుడు ఇంటికి రావాలి. భయం పైకెక్కినప్పుడు లాక్కుని వచ్చేస్తే, తప్పించుకుంటేనే హాయి అని ఒంటికి నేర్పినట్టవుతుంది. మర్నాడు అదే మెట్టు ఇంకా కష్టం.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా ముందే చెబుతారు. బడి వేళల్లో ఇంట్లో టీవీ, ఫోన్, వేడివేడి దోసెలు ఉంటే ఏ నిచ్చెనా పనిచేయదు. బడి వదిలే దాకా ఇల్లు కూడా చప్పగానే ఉండాలి. గేటు దగ్గర అమ్మ పావుగంట ముద్దులు పెట్టకూడదు, ‘సాయంత్రం వస్తా’ అని వెనక్కి తిరగాలి. అది కూడా అమ్మ చేతకాకపోతే తాతో మామో దింపాలి. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటిరోజు కొన్ని మెట్లు కిందికి జారడం మామూలే, అది చూసి పథకం మార్చొద్దు. క్లాసులో నలుగురి ముందు ‘ఏమప్పా, ఇప్పుడు గుర్తొచ్చిందా బడి’ అని వేళాకోళం చేసే సారుకు ముందే ఉత్తరం రాస్తారు. కొన్ని బళ్లు ఆ ఉత్తరానికి జవాబివ్వవు, అప్పుడు మేడమే హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేస్తారు. దానికి విడిగా ఫీజు లేదు.

కుటుంబ సిట్టింగ్ నెలకొకటి. అవ్వ తాతలు ఇంట్లో ఉంటే వాళ్లూ రావాలి. అమ్మ ఫోన్ లాక్కుంటే అవ్వ తన ఫోన్ ఇచ్చే ఇంట్లో ఏ నియమమూ నిలవదు. ఇక్కడ ఇచ్చే పనులు చిన్నవి: రోజుకు పదిహేను నిమిషాలు పిల్లాడు చెప్పిన ఆట, ఆ కాసేపు చదువు మాట లేదు, సలహా లేదు, ఒకసారి ఒకే పని చెప్పడం, ‘గుడ్’ అనే బదులు ‘చెప్పగానే చెప్పులు సర్దావు’ అని చేసినపనినే పేరుపెట్టి మెచ్చుకోవడం. కొండ మీద షిఫ్టు డ్యూటీ చేసే నాయనకు ఆ పదిహేను నిమిషాలు ఏ పూట కుదురుతాయో డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని గుర్తుపెడతారు. మారాం చేస్తే పట్టించుకోవద్దన్నప్పుడు మొదటి నాలుగైదు రోజులు ఆ మారాం రెట్టింపవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లోవాళ్లు ఓడిపోయి అడిగింది కొనిచ్చేస్తారు, ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పిల్లాడికి తెలిసిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పి, ఆ వారంలో రెండుసార్లు ఫోన్ చేసి అడగడం వీళ్ల మంచి అలవాటు.

తాయెత్తు, దిష్టి, మొక్కుబడి గురించి మేడమ్ వాదించరు. కట్టుకున్నది విప్పమనరు, మూర్ఛ మందులు ఆపి మొక్కు మీదే ఉంటామంటే మాత్రం ఒప్పుకోరు. బొడ్డు మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పుతారు. దాన్ని రోజూ నెమ్మదిగా ఉన్నప్పుడు సాధన చేయకుండా, పరీక్ష హాల్లో గుండె దడదడలాడేటప్పుడే మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. యోగాను మందులా అమ్మకపోవడం మాకు సంతోషం.

ఇక లోట్లు. మొదటి సిట్టింగ్ 1,500, తర్వాత యాభై నిమిషాలకు 900. ప్యాకేజీ లేదు, ఆరు సిట్టింగులకొకసారి కూర్చుని పనిచేస్తోందా లేదా చూస్తారు, అది బాగుంది. కానీ నెలకు నాలుగు వారాలంటే 3,600. చిన్న జీతాల ఇళ్లకు బరువే, రాయితీ గురించి బోర్డులో ఎక్కడా లేదు, అడిగినవాళ్లకే ఇస్తారు. వెయిటింగ్ గదికీ మాట్లాడే గదికీ మధ్య గోడ పలుచన. ఏడుపు బయటికి వినిపిస్తుంది. ఒక ఫ్యాన్ శబ్దం పెట్టి సరిపెడుతున్నారు. పద్నాలుగేళ్ల పిల్ల నోరు విప్పాల్సిన చోట ఇది చిన్న లోటేమీ కాదు. సాయంత్రం ఏడు తర్వాత స్లాట్లు లేవు, అందుకే నాయనలు రారు, భారమంతా అమ్మల మీద పడుతుంది. లెర్నింగ్ రిపోర్టు చేతికి రావడానికి మూడు వారాలకు పైనే పడుతుంది, వచ్చాక దాంట్లో సగం అమ్మానాన్నలకు అర్థంకాని ఇంగ్లిష్. తెలుగులో ఒక పేజీ జతచేస్తే ఎవరి సొమ్మూ పోదు. లిఫ్టు లేదు.

డబ్బు కుదరనివాళ్లకు రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ ఉంది. మందులు కావాల్సిన పిల్లలకు అదే సరైన మొదటి మెట్టు, కాకపోతే ఓపీ రద్దీలో యాభై నిమిషాల మాటలు ఆశించలేం. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు దగ్గర. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రి మానసిక విభాగం బాగాయంలో ఉంది, అక్కడ పిల్లలకు విడిగా యూనిట్ ఉంది. తల్లిదండ్రులు కూడా దగ్గరుండి నేర్చుకోవాల్సిన ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివాటికి ఈ సెంటర్ వాళ్లే అక్కడికి పంపుతారు. చిక్కు కేసులకు బెంగళూరు నిమ్హాన్స్. పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

అపాయింట్‌మెంట్ ఫోన్లోనే, పొద్దున పది తర్వాత. మొదటిరోజు తీసుకుపోవాల్సినవి: గత రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, పిల్లాడి తెలుగు, లెక్కల నోటుపుస్తకాలు, పాత మందుల చీటీలు, టీకాల కార్డు. నోటుపుస్తకాలు ఫెయిర్‌వి వద్దు, రఫ్‌వి కావాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో స్లాట్ తీసుకుంటే ట్రాఫిక్‌కు ముప్పావుగంట ముందే బయల్దేరాలి. పావుగంట ఆలస్యమైతే ఆ పావుగంట మీ యాభై నిమిషాల్లోంచే పోతుంది, తర్వాతి పిల్ల టైములోంచి ఇవ్వరు.